1968 మద్రాసు మహాసభ: ఈ ఊళ్ళో మనం అతిథులమా, ఆతిథేయులమా?



ఈ మధ్య మన సంఘం సమావేశాల్లో ఒక మాట తరచూ వినబడుతోంది. చెన్నైలో ఒక అంతర్జాతీయ తెలుగు సదస్సు జరపాలి, అమెరికా నుంచి, మలేషియా నుంచి, మారిషస్ నుంచి పండితులను పిలవాలి అని. మంచి మాటే. కానీ ఆ మాట వచ్చిన ప్రతిసారీ చర్చ హాలు ఎక్కడ, భోజనం ఎవరు, ముఖ్య అతిథి ఎవరు అనే మూడు ప్రశ్నల దగ్గరే తిరుగుతోంది. ఇవి అవసరమైనవే, కాదనం. అయితే మన ఊరికి ఇలాంటి సభలు కొత్త కావు. మద్రాసు నగరం ప్రపంచ పండితులను పిలిచి కూర్చోబెట్టిన ఊరు. ఆ చరిత్రలో మనవాళ్ళ పాత్ర ఏమిటో ఒకసారి చూసుకుంటే, మనం చేయబోయే పని ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

మనలో అరవై దాటినవాళ్ళలో చాలామందికి 1968 జనవరి గుర్తుండే ఉంటుంది, కనీసం ఇంట్లో పెద్దలు చెప్పగా విని ఉంటారు. ఆ నెల మొదటి వారంలో మద్రాసులో రెండవ అంతర్జాతీయ తమిళ పరిశోధన మహాసభ జరిగింది. జనం నోట అది 'ఉలగ తమిళ్ మానాడు', అంటే ప్రపంచ తమిళ మహాసభ. రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ వచ్చి ప్రారంభించారు. ముఖ్యమంత్రి సి.ఎన్. అన్నాదురై. ఆయన ప్రభుత్వానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. మెరీనా వెంట పది విగ్రహాలు లేచాయి. అలంకరించిన శకటాలతో ఊరేగింపు జరిగింది. ఊరు ఊరంతా బీచికి కదిలింది.

ఈ సభ వెనక ఉన్న కథ మాత్రం బీచిలో మొదలు కాలేదు. 1964 జనవరిలో ఢిల్లీలో ప్రాచ్య విద్యా పండితుల 26వ అంతర్జాతీయ మహాసభ జరిగింది. ప్రపంచం నలుమూలల నుంచి సంస్కృతం, పారశీకం, చైనా భాష చదివినవాళ్ళంతా వచ్చారు. అప్పుడు మలయా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జేవియర్ తనినాయగం అనే శ్రీలంక తమిళ పండితుడు, కొందరు మిత్రులు ఆ సందర్భాన్ని చూసుకుని తమిళ పరిశోధనకు ఒక అంతర్జాతీయ సంస్థను స్థాపించారు. ఫ్రాన్సుకు చెందిన ఝాన్ ఫిలియోజా దానికి అధ్యక్షుడయ్యారు. అందరూ ఎలాగూ ఒక చోటికి వచ్చారు కాబట్టి, విడిగా ఖర్చు లేకుండా, పెద్ద ఆర్భాటం లేకుండా పని జరిగిపోయింది. రెండేళ్ళకు, 1966 ఏప్రిల్‌లో, కౌలాలంపూరులో మొదటి సభ. ఆ తరువాత 1968లో మద్రాసు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మద్రాసులో జరిగింది నిజానికి ఒక సభ కాదు, రెండు సభలు. ఒకటి బయట జనం కోసం జరిగిన పండగ. ఊరేగింపు, ప్రదర్శన, విగ్రహావిష్కరణలు, ప్రసంగాలు. రెండోది గదుల్లో కూర్చున్న పండితుల సదస్సు. సంగ సాహిత్యం మీద, శాసనాల మీద, భాషాశాస్త్రం మీద పత్రాలు చదివి ఒకరితో ఒకరు వాదించుకున్న సభ. మొదటి దాని గురించి పత్రికలు రాశాయి, జనం చెప్పుకున్నారు. రెండోది అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. కానీ ఆ పత్రాలను ఆర్.ఇ. ఆషర్ సంపాదకత్వంలో 1971లో రెండు సంపుటాలుగా అచ్చువేశారు. సభ ముగిసిన మూడేళ్ళకు. శకటాలు వారం రోజుల్లో విప్పేసి ఉంటారు. ఆ రెండు సంపుటాలు మాత్రం యాభై ఏళ్ళు దాటినా ప్రపంచ గ్రంథాలయాల్లో ఉన్నాయి, ఈ రోజుకీ పరిశోధకులు వాటిని ఉదహరిస్తున్నారు. 1970లో అంతర్జాతీయ తమిళ పరిశోధన సంస్థ ఏర్పడింది. ఇప్పుడు తరమణిలో ఉంది. సభ అయిపోయాక మిగిలినవి ఇవి.

అయితే పండగ వద్దని కాదు. పండగ లేకపోతే జనం రారు, జనం రాకపోతే ప్రభుత్వం రాదు, ప్రభుత్వం రాకపోతే అంత పెద్ద ఎత్తున డబ్బు రాదు. అది అందరికీ తెలిసిన లెక్కే. కానీ మన పెద్దలు ఊరికే అన్నారా, ఇల్లు అలకగానే పండగ కాదని? 1968లో ఇల్లు అలికినవాళ్ళు, పండగ చేసినవాళ్ళు, పండగ అయ్యాక గిన్నెలు కడిగి సర్దినవాళ్ళు, ముగ్గురూ ఉన్నారు. మనం అనుకుంటున్న సదస్సుకు మూడో రకం మనుషులు ఎవరన్నది ఇంకా ఎవరూ అడగలేదు.

సరే, ఇందులో తెలుగువాళ్ళ సంగతేమిటి అంటారా? అక్కడికే వస్తున్నాం.

మెరీనాలో ఆ సభ సందర్భంగా లేచిన పది విగ్రహాలు ఎవరివో చూడండి. తిరువళ్ళువరు, అవ్వైయారు, కంబరు, కణ్ణగి, భారతియారు, భారతిదాసన్, వ.ఉ. చిదంబరం పిళ్ళై. మిగిలిన ముగ్గురు విదేశాల నుంచి వచ్చిన క్రైస్తవ మతబోధకులు: బెస్కి, జి.యు. పోప్, రాబర్ట్ కాల్డ్‌వెల్. వీళ్ళలో కాల్డ్‌వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాశారు. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం ఒక కుటుంబమని, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని లోకానికి గట్టిగా చెప్పిన పుస్తకం అది. ఆ గౌరవానికి ఆయన అర్హుడే, అనుమానం లేదు.

కానీ ఆ మాట మొదట చెప్పింది ఆయన కాదు. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1816లో, ఇదే మద్రాసులో అది అచ్చయింది. అచ్చయింది ఎందులో అనుకున్నారు? ఒక తెలుగు వ్యాకరణంలో!

ఆ కథ మన సభ్యులందరికీ, ముఖ్యంగా మన పిల్లలకు తెలియాలి. ఈస్టిండియా కంపెనీ తన కొత్త ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల పెట్టింది. దాన్ని నడిపిన మండలిలో ముఖ్యుడు మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. మండలి కార్యదర్శి ఎ.డి. క్యాంప్‌బెల్. ఈ క్యాంప్‌బెల్ ఇంగ్లీషులో ఒక తెలుగు వ్యాకరణం రాసి 1816లో ప్రచురించాడు. అప్పటికి రెండేళ్ళ ముందు బెంగాలులోని శ్రీరాంపూరు నుంచి విలియం కేరీ కూడా ఒక తెలుగు వ్యాకరణం తెచ్చారు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్నదే అప్పటి కలకత్తా పండితుల ధోరణి. అది నిజం కాదని చూపిస్తూ క్యాంప్‌బెల్ పుస్తకానికి ముందు ఎల్లిస్ ఒక సుదీర్ఘమైన వివరణ చేర్చాడు. సంస్కృత ధాతువులను, తెలుగు ధాతువులను పక్కపక్కన పెట్టాడు. తరువాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టాడు. మొదటి జత కలవలేదు. రెండో వరస కలిసింది. అంతే, వాదన తేలిపోయింది. మలయాళం, తుళు, కొడగు కూడా ఈ కుటుంబానివే అన్నాడు. ఎక్కడో రాజమహల్ కొండల్లో మాట్లాడే భాషకు కూడా వీటితో చుట్టరికం ఉందన్నాడు.

ఎల్లిస్‌కు ఆ తెలుగు ధాతువుల పట్టిక ఇచ్చిందెవరు? ఆ కళాశాలలో సంస్కృతం, తెలుగు బోధించిన ప్రధాన పండితుడు పట్టాభిరామశాస్త్రి. తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం అని విడదీసి చూడాలనే పద్ధతి ఎక్కడిది? మన వ్యాకరణవేత్తలదే. దాన్ని వివరించడానికి ఎల్లిస్ ఉదహరించింది మచిలీపట్నం వైశ్యుడు మామిడి వెంకయ్య గారి ఆంధ్రదీపిక పీఠికను. దేశ్యం అనే ఒక అర మన వ్యాకరణంలో ముందే ఉంది కాబట్టే, సంస్కృతం నుంచి రాని మాటలన్నీ ఒక చోట విడిగా కనిపించాయి. ఆ అరను తమిళంతో, కన్నడంతో పోల్చడం ఎల్లిస్ చేసిన పని. అమెరికా చరిత్రకారుడు థామస్ ట్రౌట్‌మన్ 2006లో ఈ విషయం మీదనే ఒక పుస్తకం రాశారు. ఈ ఆవిష్కరణ ఒక్క దొర తలలోంచి రాలేదని, మద్రాసులో దొరలూ పండితులూ కలిసి కూర్చున్న చోట పుట్టిందని ఆయన వివరంగా చూపించారు.

ఎల్లిస్ 1819లో రామనాథపురంలో చనిపోయాడు. ఆయన రాసిపెట్టుకున్న కాగితాల్లో చాలా భాగం నశించిపోయింది. తమిళం మీద ఆయన ఎంతో పనిచేశాడు, తిరుక్కురళ్ మీద వ్యాఖ్యానం రాశాడు. అచ్చయినంత మేరకే మనకు దక్కింది. ద్రావిడ భాషల గురించిన ఆ వివరణ బతికింది, ఒక తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అచ్చులోకి ఎక్కడం వల్ల. మెరీనాలో ఆయన విగ్రహం లేదు. పట్టాభిరామశాస్త్రి విగ్రహం అసలే లేదు. దీన్ని ఎవరి మీదా నేరంగా చెప్పడం లేదు. తమిళులు తమ సభకు తాము గుర్తుంచుకున్నవాళ్ళను నిలబెట్టుకున్నారు. మనం మనవాళ్ళను గుర్తుంచుకున్నామా అన్నదే ప్రశ్న. పట్టాభిరామశాస్త్రి ఎవరని మన సంఘం పిల్లల క్విజ్‌లో ఎప్పుడైనా అడిగామా?

నుంగంబాక్కంలో కాలేజి రోడ్డు మనందరికీ తెలుసు. డి.పి.ఐ. ప్రాంగణం ఉన్న రోడ్డు. సర్టిఫికెట్ల కోసం మనలో చాలామంది ఆ గేటు ముందు ఎండలో నిలబడినవాళ్ళమే. ఆ కాలేజి అంటే ఏ కాలేజి అని ఎప్పుడైనా అనుకున్నారా? ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల తరువాతి కాలంలో స్థిరపడింది ఆ ప్రాంగణంలోనే. మద్రాసు లిటరరీ సొసైటీ పాత గ్రంథాలయం ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఉంది. ప్రపంచ తమిళ మహాసభకు పునాది అనదగిన వాదనకు, ఆ దారికీ ఉన్న చుట్టరికం అది.

ఇంకో మెట్టు వెనక్కి వెళదాం. పండితులు సభకు ఎందుకు వస్తారు? మన భోజనం కోసం రారు. ఆ ఊళ్ళో చూడవలసిన గ్రంథాలు, తాళపత్రాలు ఉంటే వస్తారు. మద్రాసుకు ఆ సంపద ఎలా వచ్చింది? కల్నల్ కాలిన్ మెకంజీ పేరు వినే ఉంటారు. దక్షిణ దేశమంతా తిరిగి గ్రామ చరిత్రలు, శాసనాలు, తాళపత్రాలు సేకరింపజేసిన సర్వేయరు. ఆ పనికి ఆధారం ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య పడుచువయసులోనే 1803లో చనిపోయాడు. తరువాత తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత మోశాడు. ఊరూరా మనుషులను పంపి, కరణాల దగ్గర, అర్చకుల దగ్గర అడిగి రాయించిన ఆ కైఫియత్తులే ఈ రోజు ఆంధ్ర, రాయలసీమ గ్రామ చరిత్రలకు మొదటి ఆధారం. 1821లో మెకంజీ కలకత్తాలో చనిపోయాక ఆ సేకరణ చెల్లాచెదురైంది. దక్షిణాది భాషల రాతప్రతుల్లో పెద్ద భాగం మద్రాసుకు తిరిగి వచ్చింది. సి.పి. బ్రౌన్ వాటిలో పురుగులు తినేస్తున్నవాటికి నకళ్ళు రాయించాడు. తాను సొంత డబ్బుతో సేకరించిన వేలాది తెలుగు, సంస్కృత ప్రతులను కూడా ఈ ఊరికే ఇచ్చాడు. అదంతా కలిసి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం అయింది. చాలాకాలం చేపాక్కంలో విశ్వవిద్యాలయం గ్రంథాలయ భవనంలో ఉండేది. ఇప్పుడు కొట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయంలో ఉంది. మెట్రో రైలు, బస్సు అన్నీ ఉన్న ఊళ్ళో మన ఇంటి నుంచి గంట దూరం కూడా ఉండదు. మనలో ఎంతమందిమి ఆ మెట్లెక్కాం?

విశ్వవిద్యాలయం సంగతి కూడా చెప్పుకోవాలి. మద్రాసు విశ్వవిద్యాలయం 1857 సెప్టెంబరు 5న ఏర్పడింది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చేదాకా, కోస్తా జిల్లాల నుంచి రాయలసీమ దాకా బి.ఏ. పాసవ్వాలంటే ఈ విశ్వవిద్యాలయం పరీక్షే రాయాలి. అంటే డెబ్భై ఏళ్ళపాటు తెలుగు చదువులకు రాజధాని చేపాక్కమే. ఆ బీచి రోడ్డు మీది సెనేట్ హౌసు, చిషోమ్ కట్టిన ఆ ఎర్రటి భవనం, మన పూర్వులకు పరాయిది కాదు. గురజాడ అప్పారావు గారు ఈ విశ్వవిద్యాలయానికి ఫెలో. పరీక్షల్లో విద్యార్థులు ఏ తెలుగు రాయాలి, గ్రాంథికమా వాడుక భాషా అన్న పోరాటం ఈ విశ్వవిద్యాలయం కమిటీల్లోనే నడిచింది. 1914లో కమిటీ నిర్ణయంతో ఏకీభవించక గురజాడ రాసిచ్చిన అసమ్మతి పత్రం మన భాషా చరిత్రలో ఒక మైలురాయి. ఆ మరుసటి ఏడే ఆయన పోయారు. ఆ రోజు ఆయన ఓడిపోయారు. కానీ ఈ రోజు మీరు చదువుతున్న ఈ వాక్యం ఆయన అడిగిన తెలుగులోనే ఉంది. తరువాత విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో కోరాడ రామకృష్ణయ్య గారు ద్రావిడ భాషలను పోల్చి పరిశోధించారు. నిడుదవోలు వెంకటరావు గారు మధుర, తంజావూరు తెలుగు సాహిత్యాన్ని తవ్వి తీశారు. ఎల్లిస్ మొదలుపెట్టిన పనికి కొనసాగింపు అదే ఊళ్ళో, మనవాళ్ళ చేతుల్లోనే జరిగింది.

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రభుత్వాలు, కంపెనీలు, విశ్వవిద్యాలయాలు చేసినవి. ఒక సంఘం, ఒక కుటుంబం ఏం చేయగలదు అని అనిపించవచ్చు. అందుకు మైలాపూరులోనే ఒక ఉదాహరణ ఉంది.

రాజ్యాంగ రచనా సంఘ సభ్యుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు గారు నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టి, మద్రాసు వచ్చి దేశంలోనే గొప్ప న్యాయవాది అయ్యారు. లజ్ చర్చి రోడ్డులో ఆయన ఇల్లు ఏకామ్ర నివాస్. తండ్రి ఏకామ్రశాస్త్రి గారి పేరు పెట్టుకున్న ఇల్లు. ఆయన కుమారుడు అల్లాడి రామకృష్ణన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఆచార్యుడు. 1957-58లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ ఉన్నత విద్యాసంస్థలో ఒక ఏడాది ఉండి వచ్చారు. అక్కడ రోజూ వినిపించే కొత్త భౌతికశాస్త్రం మద్రాసు పాఠ్యాంశాల్లో లేదు. అది ఎప్పుడు వస్తుందా అని ఆయన ఎదురుచూడలేదు. తన ఇంట్లోనే విద్యార్థులను కూర్చోబెట్టి సెమినారు మొదలుపెట్టారు. ఈ ఊరి మీదుగా వెళ్ళే విదేశీ శాస్త్రవేత్తలను అక్కడికే పిలిచేవారు. ఆతిథ్యం ఇంట్లోనే, ఉపన్యాసం ఇంట్లోనే.

1960 జనవరిలో నీల్స్ బోర్ మద్రాసు వచ్చారు. అణు నిర్మాణాన్ని వివరించి 1922లో నోబెల్ బహుమతి అందుకున్న మహానుభావుడు. ఈ కుర్రవాళ్ళతో కూర్చుని మాట్లాడారు. భారతదేశంలో తనను ఆకట్టుకున్నవాటిలో బొంబాయిలోని పెద్ద సంస్థతో పాటు మద్రాసులోని ఈ చిన్న బృందాన్ని కూడా చెప్పారు. ఆ మాట నెహ్రూ దాకా వెళ్ళింది. అప్పటి మద్రాసు విద్యామంత్రి సి. సుబ్రహ్మణ్యం గట్టిగా పట్టించుకున్నారు. 1962 జనవరి 3న గణితశాస్త్ర సంస్థ, అందరూ మ్యాట్‌సైన్స్ అని పిలిచే సంస్థ, మొదలైంది. ఖగోళ భౌతికశాస్త్రవేత్త ఎస్. చంద్రశేఖర్ ప్రారంభించారు. అది ఇప్పటికీ తరమణిలో నడుస్తోంది.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఒకటే. బోర్ వచ్చాక ఆ ఇంట్లో చదువు మొదలు కాలేదు. చదువు ముందే జరుగుతోంది కాబట్టి బోర్‌కు చూడటానికి ఏదో ఒకటి ఉంది. పూలదండ, శాలువా, జ్ఞాపిక మాత్రమే ఉండి ఉంటే ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయేవారు.

ఇక మిగతా ఊళ్ళ అనుభవం. అదే తమిళ పరిశోధన సంస్థ మూడో సభ 1970లో ప్యారిస్‌లో జరిగింది. అక్కడ ఊరేగింపులు లేవు, అది పండితుల సభగానే సాగింది. నాలుగో సభ 1974 జనవరిలో యాళ్ప్పాణంలో జరిగింది. ముగింపు రోజు గుమిగూడిన జనం మీద పోలీసు చర్య జరిగి ప్రాణాలు పోయాయి. శ్రీలంక తమిళులు ఆ రోజును ఈనాటికీ మరచిపోలేదు. భాష పేరుతో జనాన్ని పిలిచినప్పుడు ఆతిథేయుల బాధ్యత ఎంత పెద్దదో చెప్పడానికి అంతకన్నా చేదు ఉదాహరణ అక్కరలేదు.

మన తెలుగు సంగతి. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు, విద్యా సాంస్కృతిక శాఖల మంత్రి మండలి వెంకట కృష్ణారావు. విదేశాల్లో స్థిరపడి తరాలు గడిచిన తెలుగువాళ్ళు మొదటిసారి పెద్ద సంఖ్యలో సొంత గడ్డకు వచ్చి కూర్చున్నారు. ఆ సభల ఫలితంగానే అంతర్జాతీయ తెలుగు సంస్థ ఏర్పడింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు అది అందులో కలిసింది. తరువాత 1981లో కౌలాలంపూరు, 1990లో మారిషస్, 2012లో తిరుపతి, 2017లో మళ్ళీ హైదరాబాదు. ఈ జాబితాలో చెన్నై లేదు. తెలుగు అచ్చు పుస్తకానికి పుట్టిల్లు లాంటి ఊరు, వావిళ్ళవారి ముద్రణాలయం 1854 నుంచి నడిచిన ఊరు, నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రికను నడిపిన ఊరు ఆ జాబితాలో లేదు.

ఉండాలా? ఉంటే బాగుంటుంది. అయితే ఎలా ఉండాలి అన్నదే అసలు విషయం. మనం ఈ ఊళ్ళో మనల్ని మనం అతిథులుగా చూసుకోవడానికి అలవాటుపడ్డాం. 1953 తరువాత మద్రాసు మనది కాకుండా పోయిందన్న బాధ పెద్దవాళ్ళలో ఒక తరం పాటు ఉంది. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం పెట్టింది ఈ మైలాపూరులోనే కదా, ఆ బాధ సహజమే. కానీ రాష్ట్రం సరిహద్దు వేరు, విద్య వేరు. పట్టాభిరామశాస్త్రి, కావలి సోదరులు, గురజాడ, కోరాడ ఈ ఊళ్ళో అతిథులుగా పనిచేయలేదు. ఇంటివాళ్ళుగా పనిచేశారు. తమిళ పండితులతో, దొరలతో కలిసి పనిచేశారు. ద్రావిడ భాషలన్నీ ఒక కుటుంబం అని తేల్చిన ఊళ్ళో ఉండి, మన సదస్సుకు తమిళ పరిశోధకులను, కన్నడ పరిశోధకులను పిలవకపోతే ఆ చరిత్రకే విరుద్ధం.

ఇంకో చేదు నిజం. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడే పిల్లలున్నారు, తెలుగు చదవగలిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. 2006 చట్టం తరువాత బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అల్పసంఖ్యాక భాషల పిల్లల కోసం కోర్టుల దాకా వెళ్ళిన సంగతి మీకు తెలుసు. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఈ ఊళ్ళో ఉంటూ తమిళం రాకపోతే ఎలా? కానీ తెలుగు లిపి రాని పిల్లవాడికి అంతర్జాతీయ తెలుగు సదస్సు ప్రాంగణంలో ఇచ్చే పని ఏముంటుంది? మంచినీళ్ళ సీసాలు పంచడమేనా?

అందుకని మా ఆలోచన ఇది. పెద్ద సదస్సుకు ముందు మూడేళ్ళు చిన్న పనులు చేద్దాం.

ఏడాదికి ఒకసారి, ఇరవై ముప్పై మంది కంటే మించకుండా, ఒక రోజు సమావేశం పెడదాం. మద్రాసు తెలుగు చరిత్ర ఒక్కటే విషయం. నలుగురు పరిశోధకులు మాట్లాడితే చాలు. ముఖ్య అతిథి అక్కరలేదు. చదివిన పత్రాలను ఆరు నెలల్లో చిన్న పుస్తకంగా అచ్చువేయాలి. అచ్చు ఖర్చు పక్కన పెట్టాకే భోజనం ఖర్చు గురించి మాట్లాడుకుందాం.

రెండోది, తెలుగు రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి పరిశోధక విద్యార్థులు కొట్టూరుపురం గ్రంథాలయానికి వచ్చి, ఉండటానికి చోటు లేక రెండు రోజుల్లో వెళ్ళిపోతుంటారు. ఈ ఊళ్ళో హాస్టల్ అద్దెలు మీకు తెలియనివి కావు. మన సభ్యుల్లో ఖాళీ గది ఉన్నవాళ్ళు నెలకు ఒక వారం ఒక విద్యార్థికి చోటిస్తే, అంతకు మించిన ఆతిథ్యం ఇంకోటి లేదు. ఏకామ్ర నివాస్ చేసింది కూడా అదే.

మూడోది మన ఇళ్ళలోని కాగితాలు. తాతల నాటి ఉత్తరాలు, పాత అచ్చు పుస్తకాలు, సంఘాల పాత ఆహ్వాన పత్రికలు, నాటక కరపత్రాలు, దుకాణాల లెక్కల పుస్తకాలు. ఎల్లిస్ కాగితాలకు పట్టిన గతి వీటికి పట్టకూడదు. ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలు కొనేవాడికి కిలోల లెక్కన వేసే ముందు ఒకసారి సంఘానికి చెప్పండి. ఫోటోలు తీయించి, జాబితా రాసి తిరిగి ఇచ్చేద్దాం.

నాలుగోది, పిల్లలకు శనివారం లిపి తరగతి. పాట, పద్యం పోటీలు ఎలాగూ జరుగుతున్నాయి. వాటితో పాటు ఒక పాత తెలుగు పుస్తకం పుటను చదవడం కూడా పోటీలో పెడదాం. తరగతి పిల్లల్ని ఏడాదికి ఒకసారి కాలేజి రోడ్డుకు, సెనేట్ హౌసుకు, గ్రంథాలయానికి నడిపించుకుని తీసుకెళదాం.

ఈ మూడేళ్ళు గడిచాక అంతర్జాతీయ సదస్సు జరిపితే, వచ్చిన పండితులకు మనం చూపించడానికి మూడు పుస్తకాలు, ఒక జాబితా, తెలుగు చదివే పదిమంది పిల్లలు ఉంటారు. అప్పుడు ఊరేగింపు కూడా పెట్టుకుందాం, ఎవరూ కాదనరు. శకటం మీద పట్టాభిరామశాస్త్రి గారిని కూర్చోబెడదాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు పనులనూ చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాం. గది ఇవ్వగలిగినవాళ్ళు, శనివారం గంటసేపు పాఠం చెప్పగలిగినవాళ్ళు, ఇంట్లో పాత కాగితాలు ఉన్నవాళ్ళు కింద ఒక మాట రాయండి. 1968 సభను చూసిన పెద్దలుంటే మీ జ్ఞాపకాలు కూడా రాయండి. మీకు రాయడం కష్టమైతే మనవడి చేతనో మనవరాలి చేతనో రాయించండి. తెలుగులోనే రాయించండి. తరగతి అక్కడే మొదలవుతుంది.